షహీదుల తమ్గాలు మన జమానత్ కాగితాలా?



ఆగస్టు 15, జనవరి 26 వస్తే చాలు, కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా మన వాట్సాప్ గ్రూపుల్లో అవే ఫోటోలు. 1948లో కశ్మీర్‌లో షహీద్ అయిన బ్రిగేడియర్ ఉస్మాన్, మహావీర చక్ర. 1965లో షహీద్ అయిన అబ్దుల్ హమీద్, పరమవీర చక్ర. కింద ఒకటే మాట: 'మా వఫాదారీకి ఇదిగో సబూత్!'

నాకు ఈ ఆదత్ మీదే గుస్సా. సబూత్ అడిగేవాళ్లు ఉన్నారు, తెలుసు. అడగ్గానే మనమెందుకు చేతులు కట్టుకుని ఇవ్వాలి?

మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు 2020 జూన్‌లో గల్వాన్‌లో ప్రాణమిచ్చారు. మహావీర చక్ర వచ్చింది. ఆ తమ్గా చూపించి 'మా కులం వఫాదార్' అన్నవాడు నాకు ఒక్కడూ కనబడలేదు. అది ఆయన ఖుర్బానీ, ఊరందరికీ ఫఖ్ర్. మరి ఉస్మాన్ సాబ్ తమ్గా మాత్రం కోట్లమంది జేబుల్లో గుర్తింపు కార్డు ఎందుకు కావాలి?

కొందరిది ఉల్టా వాదన: ఫరంగీలిచ్చిన తమ్గాలు మనకెందుకని. వాళ్లు కెప్టెన్ మతీన్ అహ్మద్ అన్సారీ సంగతి వినాలి. మన హైదరాబాద్ వాడు, రాజ్‌పుత్ రెజిమెంట్ అఫ్సర్. 1941 డిసెంబర్‌లో హాంకాంగ్ పడిపోతే జపాన్ ఫౌజుకు ఖైదీ అయ్యారు. రాజకుటుంబంతో రిష్తా ఉందని తెలిసి, హిందుస్తానీ సిపాయిలను ఇంగ్లీషువాళ్ల మీదికి ఎగదోయమన్నారు. ఆయన ఒప్పుకోలేదు. జైల్లో వేసి ఆకలితో మాడ్చారు, కొట్టారు. బయటికొచ్చాక కూడా ఖైదీలు తప్పించుకునే ఇంతెజామ్ చేశారు. మళ్లీ పట్టుకుని, 1943 అక్టోబర్ 29న ఇంగ్లీషు, చీనీ, హిందుస్తానీ ఖైదీలు 30 మందికి పైగా ఉంటే, వాళ్లతో పాటే చంపేశారు. 1946లో బ్రిటన్ జార్జ్ క్రాస్ ప్రకటించింది.

తమ్గా ఇచ్చింది పరాయి బాద్‌షా, నిజమే. ఆ సల్తనత్ చేసిన జుల్మ్‌ను నేను మాఫ్ చేయను. కానీ తోటి ఖైదీల కోసం జాన్ పణంగా పెట్టిన గుండె బాద్‌షాది కాదు, అన్సారీది.

అమ్మీలారా, అబ్బాలారా! ఈ పేర్లు పిల్లలకు చెప్పండి. రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర, దాదా నానాల కిస్సాలు చెప్పినట్టు చెప్పండి. రేపు బడిలో ఎవడైనా 'నీది ఏ దేశం' అంటే మాత్రం షహీదులను గవాహీకి పిలవొద్దనండి. 'నేను సూర్యాపేటలో పుట్టాను' అంటే చాలు. బస్, అంతకుమించి జవాబు బాకీ లేదు.