ఏసీ ఆపేసి ఇండియా విమానం ఎక్కకండి

టెక్సాస్‌లో మే నెలాఖరుకి బడులు మూసేస్తారు. షుగర్‌ల్యాండ్, కేటీ, పియర్లాండ్ వీధుల్లో మనవాళ్ల ఇళ్లకు ఒక్కొక్కటిగా తాళాలు పడతాయి. కొందరికి నాలుగు వారాలు, కొందరికి రెండు నెలలు. సూట్‌కేసుల బరువు చూసుకునే హడావిడిలో ఇంటి పెద్ద ఆఖరున థర్మోస్టాట్ దగ్గరికి వెళ్తాడు. కొందరు ‘ఆఫ్’ నొక్కేస్తారు. కొందరు 88 డిగ్రీల దగ్గర పెట్టి, ఇంట్లో గాలి ఆడుతూ ఉంటే మంచిదని ఫ్యాన్‌ను మాత్రం ‘ఆన్’లో వదిలేస్తారు. రెండూ ఇంటికి చేటే. తిరిగొచ్చాక తలుపు తీయగానే ముక్కిన వాసన, క్లాజెట్‌లో పట్టుచీరల మడతల మీద తెల్లటి బూజు, పూజ మందిరం చెక్క మీద ఆకుపచ్చ మచ్చలు. ఈ వేసవి ప్రయాణాలు మొదలయ్యే లోపే చెప్పాల్సిన మాట కాబట్టి ఇప్పుడే చెబుతున్నాం.

ఫీనిక్స్‌లోనో డెన్వర్‌లోనో ఉండేవారు ఈ పేజీ తిప్పేయవచ్చు. గల్ఫ్ తీరం, ఫ్లోరిడా, జార్జియా, కరోలినాల్లో ఉన్నవారు మాత్రం టికెట్లతో పాటు దీన్నీ చూసుకోవాలి.

ఊరెళ్లేటప్పుడు మెయిన్ ఆపేసి తాళం వేయడం మనకు తాతల నాటి అలవాటు. కాకినాడలో, విజయవాడలో ఉక్కకేం తక్కువ లేదు, అయినా అక్కడ ఆ అలవాటు చెల్లింది. అక్కడి గోడ ఇటుక, సిమెంటు, పైన సున్నం. బూజు తినడానికి అందులో పెద్దగా ఏమీ ఉండదు. కిటికీ సందుల్లోంచి గాలీ ఆడుతుంది. ఇక్కడి గోడ కర్ర చట్రం, దానికి కొట్టిన షీట్‌రాక్ పలక. ఆ పలకకు రెండు వైపులా ఉన్నది కాగితమే. పైగా కొత్త ఇళ్లను కరెంటు ఆదా కోసం గాలి చొరబడకుండా బిగించి కడుతున్నారు. లోపల చేరిన తేమకు బయటికి దారి ఏసీ ఒక్కటే. దాన్ని ఆపేస్తే ఆ దారీ మూసేసినట్టే.

లెక్క చూడండి. జులైలో హ్యూస్టన్ గాలికి డ్యూ పాయింట్ 75 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండటం మామూలు. అంటే ఆ గాలి 75 డిగ్రీలకు చల్లబడితే చాలు, మజ్జిగ గ్లాసు బయట పట్టినట్టు నీరు పడుతుంది. అదే గాలి 85 డిగ్రీల హాల్లో ఉంటే సాపేక్ష తేమ 72 శాతం దాకా వస్తుంది. నేలకు ఆనుకుని కాస్త చల్లగా, 78 డిగ్రీలున్న క్లాజెట్ మూలకు చేరితే 90 శాతం. ఇంట్లో తేమ 60 శాతానికి లోపు, వీలైతే 30కీ 50కీ మధ్య ఉండాలని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ చెబుతుంది. తడిసిన వస్తువుల్ని 24 నుంచి 48 గంటల్లో ఆరబెట్టకపోతే బూజు పట్టవచ్చన్నదీ ఆ సంస్థ మాటే. ఖాళీ ఇంటికి గంటలు కాదు, వారాలు ఇస్తున్నాం.

‘ఏసీ 85 దగ్గర ఉంచాను కదా’ అంటారు. చల్లబరచడం వేరు, ఆరబెట్టడం వేరు. చిక్కంతా ఇక్కడే ఉంది. 80 డిగ్రీల దగ్గర 60 శాతం తేమ ఉన్న గదిని, అందులోంచి ఒక్క చుక్క నీరు తీయకుండా 72కు చల్లబరిస్తే తేమ 78 శాతానికి ఎక్కుతుంది. అటక మీద ఉండే ఎయిర్ హ్యాండ్లర్ గాలిని చల్లటి కాయిల్ మీదుగా పంపుతుంది. ఆ కాయిల్ బాగా చల్లబడాలి, దాని రెక్కలు నీటితో నిండాలి, ఆ తర్వాతే నీరు కిందికి కారి డ్రెయిన్ పైపు పడుతుంది. మోటారు ఆన్ అయ్యాక ఇదంతా జరగడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఐదు నిమిషాలు తిరిగి ఆగిపోయే ఏసీ గదిని చల్లబరుస్తుంది గానీ ఆరబెట్టదు. 85 దగ్గర పెట్టిన ఏసీ రోజంతా పడుకుని, సాయంత్రం ఎండకు రెండు మూడు సార్లు లేస్తుంది. ఇంటికి మించిన పెద్ద యూనిట్ వేసుకున్నవారి పరిస్థితి ఇంకా అన్యాయం.

ఫ్యాన్ సంగతి మరీ ముఖ్యం. కంప్రెసర్ ఆగాక కాయిల్ మీద నీరు మిగిలే ఉంటుంది. ఫ్యాన్ ‘ఆటో’లో ఉంటే అది మెల్లగా కారిపోతుంది. ‘ఆన్’లో ఉంటే ఆ నీటినంతా ఆవిరి చేసి మళ్లీ గదుల్లోకే ఊదుతుంది. ఫ్లోరిడా సోలార్ ఎనర్జీ సెంటర్ వాళ్లు దీన్ని కొలిచే చూపించారు. ఏసీ తక్కువ సేపు నడిచే రోజుల్లో ఫ్యాన్ ఆగకుండా తిరిగితే, తేమ తీసే పని దాదాపు సున్నాకు పడిపోతుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు గాలి చప్పుడు ఆగితే ఊపిరాడనట్టు ఉంటుంది. వాళ్లు ‘ఆన్’ నొక్కి ఉంటారు, మీరు గమనించి ఉండరు. వెళ్లేముందు ఒకసారి చూడండి.

మరి ఎంతలో పెట్టాలి? మా సలహా: ఉష్ణోగ్రత 80, తేమ 55 శాతం, ఫ్యాన్ ఆటో. ఈమధ్య వచ్చిన థర్మోస్టాట్లలో చాలావాటికి ఏసీతోనే తేమ తీయించే అమరిక మెనూలో ఎక్కడో లోపల ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే, తేమ ఎక్కువైనప్పుడు గది చల్లగా ఉన్నా ఏసీ మరికాసేపు నడుస్తుంది. అలా అదనంగా ఎన్ని డిగ్రీలు దిగవచ్చో మీరే హద్దు పెట్టాలి. మూడు డిగ్రీలు సరిపోతుంది. హద్దు లేకుండా తేమ మీటరు ఒక్కదాని మాటకే ఏసీని వదిలేస్తే ఇంకో ప్రమాదం. ఇల్లు చల్లబడేకొద్దీ సాపేక్ష తేమ పెరుగుతుంది, పెరిగిందని ఏసీ ఆగదు, ఇల్లు 68కి పడిపోతుంది, గాలి గొట్టాల మీద, సీలింగ్ జల్లెడల చుట్టూ నీరు పడుతుంది. బూజును ఆపబోయి బూజునే పెంచినట్టవుతుంది.

కొత్త ఎయిర్ హ్యాండ్లర్, వేగం మార్చుకోగల బ్లోయర్ ఉన్నవారికి ఇంకో మంచి సదుపాయం ఉంది. చాలామంది ఇళ్లలో అది పనిచేయకుండానే పడి ఉంటుంది. మామూలుగా ఏసీ సామర్థ్యంలో ఒక్కో టన్నుకు నిమిషానికి 400 ఘనపుటడుగుల గాలి వెళ్తుంది. తేమ తీయాల్సినప్పుడు దాన్ని 350కో ఇంకాస్త కిందికో తగ్గిస్తే కాయిల్ మరింత చల్లబడి ఎక్కువ నీరు తీస్తుంది. ఆ పని చేయించేది కంట్రోల్ బోర్డు మీద ఉండే ‘డీహెచ్’ అనే తీగ మొన. చాలా బోర్డుల్లో ఫ్యాక్టరీ నుంచే ‘ఆర్’కీ ‘డీహెచ్’కీ మధ్య ఒక చిన్న జంపర్ వేసి పంపుతారు. అది తీసేదాకా థర్మోస్టాట్ ఎంత మొత్తుకున్నా బ్లోయర్‌కు వినపడదు. తెర మీద ‘తేమ తీస్తున్నాను’ అని కనిపిస్తుంది, గాలి వేగం మాత్రం ఎక్కడిదక్కడే.

జంపర్ తీసినా ఇంకో మెలిక ఉంది. ఈ బోర్డుల్లో చాలావరకు ‘డీహెచ్’ మీద 24 వోల్టులు ఉంటే మామూలు వేగం, ఆ కరెంటు పోతే తక్కువ వేగం. థర్మోస్టాట్‌లో దీన్ని తిరగేసి పెడితే, పొడిగా ఉన్న రోజు మెల్లగా, ఉక్కగా ఉన్న రోజు జోరుగా తిరుగుతుంది. చూసి పట్టుకోవడం కష్టం, విని పట్టుకోవచ్చు. ఏసీ నడుస్తుండగా తేమ లక్ష్యాన్ని ఇంట్లో ఉన్న తేమ కంటే బాగా కిందికి దించండి. కాసేపట్లో గాలి హోరు తగ్గాలి. తగ్గకపోయినా, పెరిగినా, లైసెన్సు ఉన్న టెక్నీషియన్ని పిలవండి. వీడియో చూసి మీరే తీగలు మార్చబోతే ‘ఆర్’, ‘సి’ తీగలు ఒకదానికొకటి తగిలి ఫ్యూజు పోవడం మామూలు కథ. ఆ పెట్టెలోకి పెద్ద కరెంటూ వస్తుంది, బ్రేకర్ ఆపకుండా మూత తీయనే వద్దు. మే నెలలో టెక్నీషియన్లు దొరకడం గగనం, ప్రయాణానికి రెండు మూడు వారాల ముందే ఫోన్ చేయాలి. ఆ తర్వాత కనీసం నాలుగు రోజులు ఇంట్లో ఉండగానే, ఊరెళ్లినప్పటి అమరికతో ఇంటిని నడిపి చూడండి. కాస్త చెమట పడుతుంది, పట్టనివ్వండి.

కొత్త ఇళ్లలో ఎయిర్ హ్యాండ్లర్‌కు బయటి గాలిని తెచ్చే గొట్టం ఒకటి కలిపి ఉంటుంది. దానికి టైమరు, మూత ఉంటాయి. మనుషులున్నప్పుడు అది అవసరం. ఇల్లు ఖాళీ అయ్యాక మాత్రం అది రోజూ బయటి ఉక్కను లోపలికి తోడిపోస్తుంది. వెళ్లేటప్పుడు ఆపండి, వచ్చాక మరవకుండా వేయండి. బాత్రూం ఎగ్జాస్ట్ ఫ్యాన్ వదిలేసినా అంతే, అది బయటికి పంపిన గాలికి బదులు సందుల్లోంచి తేమ గాలి దూరుతుంది. క్లాజెట్లు, పూజ గది, ప్యాంట్రీ తలుపులు బార్లా తెరిచి ఉంచండి. మూసిన గదికి థర్మోస్టాట్ చూపించే అంకెతో సంబంధం ఉండదు. వీలైతే ఫోనుకు కబురు పంపే చిన్న తేమ మీటరు ఒకటి, అన్నిటికంటే దూరంగా ఉన్న క్లాజెట్‌లో పెట్టండి. అది నిజం చెబుతుందా అన్న అనుమానం ఉంటే, మూత ఉన్న డబ్బాలో తడి ఉప్పు పక్కన ఒక రాత్రి ఉంచండి. 75 శాతం చూపించాలి.

తీసిన నీరు ఎటు పోతోంది? అటక మీది డ్రెయిన్ పైపులో పాచి పట్టి మూసుకుపోతే నీరు కింది పళ్లెంలోకి, అక్కడి నుంచి సీలింగ్ మీదికి. టెక్సాస్ ఇళ్లలో చాలావాటికి ఆ పళ్లెం పైపును ఏదో ఒక కిటికీ పైన గోడలోంచి బయటికి తెస్తారు. అందరికీ కనబడాలనే అక్కడ పెడతారు. అక్కడ చుక్క కారుతోందంటే అసలు పైపు మూసుకుందని అర్థం. పళ్లెంలో ఫ్లోట్ స్విచ్ ఉందో లేదో అడగండి. నీరు నిండితే అది ఏసీని ఆపుతుంది. సీలింగ్ కూలడం కంటే అదే నయం. అయితే ఏసీ ఆగిన సంగతి వైజాగ్‌లో ఉన్న మీకు తెలియాలి, మీటరు అవసరం అందుకూ ఉంది.

విడిగా డీహ్యూమిడిఫయర్ కొని, దాని గొట్టాన్ని షవర్‌లోకి వదిలి వెళ్లడం కూడా మంచి ఉపాయమే, అది పాత యంత్రం కానంతవరకు. గ్రీ కంపెనీ తయారు చేసి వేర్వేరు బ్రాండ్ల పేర్లతో అమ్మిన డీహ్యూమిడిఫయర్లను నిప్పు ప్రమాదం వల్ల 2013లో వెనక్కి పిలిచారు. అవి సుమారు 22 లక్షలు. 2023 ఆగస్టులో మరో 15 లక్షలకు పైగా వెనక్కి పిలిచారు. గ్యారేజ్ సేల్‌లో చవగ్గా తెచ్చుకున్నది, స్నేహితులు ఇల్లు మారుతూ ఇచ్చి వెళ్లింది అయితే, అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంస్థ సీపీఎస్‌సీ వెబ్‌సైట్‌లో దాని మోడల్ నంబరు వెతకందే ఖాళీ ఇంట్లో నడపకండి.

ఇంత చేసినా కరెంటు మన చేతుల్లో లేదు. 2024 జులై 8న బెరిల్ తుపాను హ్యూస్టన్ ప్రాంతంలో 22 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు తీసేసింది. కొన్నిచోట్ల వారం దాటినా రాలేదు. ఆ వారంలో ఎందరో ఇండియాలో ఉన్నారు. తాళం చెవి ఒకటి ఊళ్లోనే ఉండే స్నేహితులకు ఇచ్చి, పది రోజులకోసారి లోపలికి వెళ్లి ముక్కుతో చూడమని చెప్పండి. కరెంటు పోయి వచ్చాక థర్మోస్టాట్ మీరు పెట్టినట్టే ఉందా అన్నదీ చూడమనండి. వైఫై పోతే యాప్ పాత అంకెనే చూపిస్తూ కూర్చోవచ్చు, దాన్ని నమ్ముకుని నిశ్చింతగా ఉండకండి.

వచ్చేసరికి వాసన కొడితే ముందు ఏసీ ఆపండి, బూజు పట్టిందన్న అనుమానం ఉన్న ఎయిర్ హ్యాండ్లర్‌ను నడిపితే అది ఇల్లంతా పాకుతుంది. పిల్లల్లో ఉబ్బసం ఉన్నవారుంటే ఆ రాత్రి వేరేచోట పడుకోండి. ఫొటోలు తీయకుండా ఏదీ తుడవకండి. బీమా కంపెనీకి అదే రోజు ఫోన్ చేయండి. చాలా పాలసీలు బూజుకు డబ్బివ్వవు, ఇచ్చినా ఒక పరిమితి దాకానే, కాబట్టి అది విమానం ఎక్కకముందే చదువుకోవాల్సిన పేజీ. పది చదరపు అడుగుల లోపు మచ్చలను ఇంట్లోవాళ్లే మాస్కు, గ్లవుజులు వేసుకుని శుభ్రం చేసుకోవచ్చని ఈపీఏ అంటుంది. టెక్సాస్‌లో ఒకేచోట 25 చదరపు అడుగులు, అంతకు మించి ఉంటే ఆ పని చేసే కంపెనీకి రాష్ట్ర లైసెన్సు ఉండాలి, బూజును పరీక్షించే కంపెనీ, తీసే కంపెనీ ఒకటే కాకూడదు. ‘నల్ల బూజు’ పేరు చెప్పి తలుపు దగ్గరే పరీక్ష ప్యాకేజీ అమ్మజూసేవాళ్లు వస్తారు. అలాంటి నమూనా పరీక్షలను అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ సిఫారసు చేయదు. పని పూర్తయ్యాక బూజు తొలగించినట్టు ధ్రువపత్రం అడిగి తీసుకోండి, ఇల్లు అమ్మేనాడు కొనేవాళ్లకు చూపాల్సింది ఆ కాగితమే.