అరిగిన రికార్డు, అరగని నవ్వు

"అరిగిపోయిన రికార్డు" అన్నది తెలుగులో ఒక నింద. చెప్పిందే చెప్పేవారిని అలా అంటాం. నాకెందుకో ఆ నింద ఏనాడూ న్యాయంగా తోచలేదు. రికార్డు అరిగేది దాని దోషం వల్ల కాదు కదా, మనం దాన్ని విడవకుండా విన్నందువల్ల!

మా ఇంటికి వచ్చిన మొదటి ఎల్.పి. 'శంకరాభరణం' (1980). హెచ్.ఎం.వి. ఫియస్టా పెట్టె మీద ముల్లు దించే అధికారం నాన్నగారిది. అట్ట మీది పేర్లు పదేపదే చదువుకునే అధికారం మాది. కొన్నాళ్ళకే ప్లేటు మీద ఒకచోట గీత పడింది. అక్కడికి రాగానే బాలుగారి గమకం ఒక్క అక్షరానికి చిక్కుకుని గిరగిరా తిరిగేది. "శంకరశాస్త్రిగారికి ఎక్కిళ్ళు వచ్చాయర్రా, మంచినీళ్ళివ్వండి" అనేవారు తాతగారు. ఇప్పుడు ఏ గీతా లేని పాట వింటున్నా, ఆ చోటు వచ్చేసరికి నా చెవి ఆ ఎక్కిళ్ళ కోసం ఎదురుచూస్తుంది.

రికార్డులంటే పాటలు మాత్రమే కాదు. 'దానవీరశూరకర్ణ' (1977) సంభాషణలు పందిళ్ళలో మైకు సెట్ల మీద మోగిన రోజులవి. ఆకాశవాణిలో సంక్షిప్త శబ్దచిత్రాలు వచ్చేవి. తరువాత హాస్య సన్నివేశాల క్యాసెట్లు వచ్చాయి. అంటే, మా తరం సినిమా హాస్యాన్ని చూసినదాని కంటే విన్నదే ఎక్కువ. టిక్కెట్టు కొని చూసేది ఒక్కసారి, వినడానికి లెక్కేముంది?

అందువల్లనే కాబోలు, "ఆ రోజుల్లో హాస్యమే హాస్యమండీ" అని నా వయసువారు నిట్టూర్చినప్పుడు నేను తల ఊపలేను. ఆనాటిదంతా మేలిమి కాదు. నా కొలత ఒక్కటే: కళ్ళు మూసుకుని వినాలి. 'మాయాబజార్' (1957) ఈ కొలతకు నిలుస్తుంది. పింగళి నాగేంద్రరావుగారు పుట్టించిన 'అసమదీయులు', 'తసమదీయులు' వంటి మాటలకు తెర అవసరం లేదు. జంధ్యాలగారి 'శ్రీవారికి ప్రేమలేఖ' (1984)లో శ్రీలక్ష్మిగారు సినిమా కథను పేర్లు పడే దగ్గరనుంచీ చెప్పడం మొదలుపెడితే, ఆ గొంతులోని ఉత్సాహమే చాలు. నిలవనివి ఏవి? లావుపాటి మనిషి, నల్లటి మనిషి, చెముడు, నత్తి, పనివాడి చెంప మీద పడే దెబ్బ... వినడానికి మిగిలేది ఆ 'ఛెళ్ళు'మన్న చప్పుడూ, వెనక నవ్వించడానికి తంటాలు పడే వాయిద్యాలూ.

మా చిన్నాన్నగారి అబ్బాయికి నత్తి. నత్తివాడి హాస్యం ఉన్న క్యాసెట్టు ఒకటి మా ఇంట్లో మహా ప్రసిద్ధం. ఆ ఘట్టం వచ్చే ముందే వాడు లేచి పెరట్లోకి వెళ్ళేవాడు. అది ముగిసే సమయం కూడా వాడికి కచ్చితంగా తెలుసు. అదే రేడియోలో 'మాయాబజార్' వస్తే మాత్రం కదిలేవాడు కాదు. లంబు, జంబుల మాటలు వాడి నోట ఒక్క తడబాటైనా లేకుండా దొర్లేవి. ఎవరైనా పేరడిగితే చెప్పడానికి నానా అవస్థా పడే పిల్లవాడు! రెండూ హాస్యాలే. ఒకటి వాణ్ణి ఇంట్లోనుంచి లేపి పంపేది, మరొకటి వాడికి మాట ఇచ్చేది. పాత హాస్యాన్నంతా ఒకే గంపలో పోసి 'ఆణిముత్యాలు' అని అమ్మేవారితో నా పేచీ ఇక్కడే.

నా కొలతకు లొంగనివీ ఉన్నాయి, ఒప్పుకోవలసిందే. 'అహ నా పెళ్ళంట' (1987)లో వేలాడదీసిన కోడిని చూస్తూ కోట శ్రీనివాసరావుగారు అన్నం తినే దృశ్యం చెవితో పూర్తిగా అందేది కాదు. అయినా అందులోని పిసినారి తర్కాన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే.

ఇప్పుడు పిల్లల ఫోన్లనిండా బ్రహ్మానందంగారి ముఖాలే. శబ్దం ఉండదు, ఏ సినిమాలోదో వారికి తెలియనక్కరలేదు. మాకు ముఖం లేని గొంతు దొరికింది, వీరికి గొంతు లేని ముఖం దొరికింది. దానికి నాకేమీ బెంగ లేదు. మా అమ్మాయి ఒకే బొమ్మను వారంలో ఇరవైసార్లు పంపుతుంది, పంపిన ప్రతిసారీ పడీపడీ నవ్వుతుంది. ఆ బొమ్మ అంచులు మసకబారి, ఎవరెవరి ఫోన్లలోనో తిరిగి తిరిగి, అచ్చం మా ప్లేటులాగే అరిగిపోయి ఉంది.