ముందు బ్రేకు, తర్వాతే షోకు

మా బన్సీలాల్‌పేట్ సందుల్లో బండి నడపడం వచ్చినవాడు ప్రపంచంలో ఎక్కడైనా నడిపేస్తాడని నా గట్టి నమ్మకం. ఒక పక్క నీళ్ళ ట్యాంకరు, ఇంకో పక్క ఆటో, మధ్యలోంచి బంతి కోసం పరిగెత్తే పిల్లాడు. 2022 డిసెంబరులో మెట్లబావిని బాగుచేసి తెరిచాక దాన్ని చూడ్డానికొచ్చే జనం కూడా తోడయ్యారు.

అలాంటి ఓ ఆదివారం సాయంత్రం మా అమ్మాయిని వెనక కూచోబెట్టుకుని నా పాత బండి మీద ఇంటికొస్తున్నాను. స్పీడు ముప్పై కూడా లేదు. ముందున్న ఆటో ఉన్నట్టుండి ఆగింది. డిస్క్ బ్రేకు లివరు నొక్కితే, స్పాంజిని పిండినట్టు మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేసింది. బండి ముక్కు కిందకి దిగిపోయింది. ఆటోకి జానెడు దూరంలో ఆగాం. "నాన్నా, ఆగదనుకున్నా" అంది అమ్మాయి. ఆ మాట నన్ను రాత్రి నిద్రపోనివ్వలేదు.

ఇది నేను 2003లో మొదటి ఉద్యోగం జీతంతో కొన్న 150 సీసీ బండి. కంపెనీ పేరెందుకులెండి, తప్పు బండిది కాదు, నాది. పదిహేనేళ్ళు నిండాక 2018లో ఒకసారి, 2023లో ఇంకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాను. కాగితాల మీద బండి ఆరోగ్యంగానే ఉంది. మరి నేను చేసిందేమిటయ్యా అంటే, పెయింటు వేయించాను, సీటు మార్పించాను, ఎల్‌ఈడీ హెడ్‌లైటు పెట్టించాను. బ్రేకు హోస్ మాత్రం 2003 నాటిదే.

సోమవారం ఆఫీసులో చెబితే మిత్రులందరూ ఒకటే సలహా. "బాస్, యూఎస్‌డీ ఫోర్కు వేయించెయ్". అంటే కొత్త స్పోర్ట్స్ బైకులకి ఉండే తలకిందుల షాకప్‌లు. నిజం చెప్పొద్దూ, నేనూ ఆ రాత్రి బంగారు రంగు ఫోర్కుల ఫొటోలు గంటసేపు చూశాను :)

రాణీగంజ్ వైపు నాకు తెలిసిన మెకానిక్ ఒకాయన ఉన్నాడు. నా కోరిక విని నవ్వాడు. లివరు తను నొక్కుతూ నన్ను రబ్బరు హోస్ పట్టుకోమన్నాడు. నొక్కినప్పుడల్లా అది చేతిలో ఉబ్బుతోంది. ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్ అటూ ఇటూ తిప్పితే, సరిగ్గా మధ్యలో టక్కుమని పట్టేస్తోంది. అంటే కోన్‌సెట్ అరిగిపోయింది. ఫోర్కులోంచి ఆయిల్ వంచితే కాఫీ డికాషన్‌లా నల్లగా వచ్చింది, అదీ ఉండాల్సిన దాంట్లో సగం. "ఇరవై ఏండ్లల్ల ఒక్కసారన్న ఇది మార్పిచ్చినరా సార్? మీ కంప్యూటర్లకైతే దినాం అప్‌డేట్ జేస్తరు గదా!" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు.

నా అభిప్రాయం ఏమిటంటే, మనం పాత బండికి "అప్‌గ్రేడ్" అని పిలిచేదాంట్లో ముప్పాతిక భాగం ఎప్పుడో చేయాల్సిన మెయింటెనెన్సే. అది పూర్తయ్యాక గానీ అసలు అప్‌గ్రేడ్ అవసరమో కాదో తెలీదు.

బ్రేకు ఫ్లూయిడ్ సంగతే తీసుకోండి. డాట్ 4 రకం గాల్లోని తేమని పీల్చుకుంటుంది. ప్రమాణం ప్రకారం కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ కనీస హద్దు 155కి పడిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, లివరు మెత్తబడుతుంది. అందుకే రెండేళ్ళకోసారి మార్చమంటారు. మనలో ఎంతమంది మారుస్తున్నాం?

తర్వాత హోస్. రబ్బరుది ముసలిదయ్యేకొద్దీ మన వేళ్ళ ఒత్తిడిలో కొంత దాని ఉబ్బుకే పోతుంది. లోపల టెఫ్లాన్ గొట్టం, పైన స్టీలు తీగల అల్లిక ఉన్న హోస్ దాదాపు ఉబ్బదు. అయితే ఒక భ్రమ వద్దు. స్టీలు హోస్ వేసినంత మాత్రాన బండి సగం దూరంలో ఆగిపోదు. చివరికి ఆపేది టైరుకీ రోడ్డుకీ ఉన్న పట్టే. హోస్ ఇచ్చేది స్పర్శ, ఎంత నొక్కితే ఎంత పట్టుకుంటుందో వేలికి తెలియడం. నాలాంటి ఏబీఎస్ లేని బండికి అదే ప్రాణం. వేయించేటప్పుడు రాగి వాషర్లు కొత్తవి వాడమనండి. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, ఫోర్కు చివరిదాకా నొక్కీ, సాగనిచ్చీ హోస్ ఎక్కడా లాగట్లేదని మీ కళ్ళతో చూసుకోండి.

ఇక ఫోర్కు. బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకొస్తుంది. అలసిపోయిన స్ప్రింగు ఉంటే ముక్కు ఒక్కసారిగా కిందకి పోతుంది. కొంతమంది దీనికి చిక్కటి ఆయిల్ పోసేస్తారు. అది స్ప్రింగు చేసే పని చేయదు. ఆయిల్ కదలిక వేగాన్ని ఆపుతుంది, బరువుని మోసేది స్ప్రింగే. పైగా మరీ చిక్కనైతే వరస గుంతల్లో చక్రం తిరిగి కిందకి రావడానికి టైము చాలదు. నేను కంపెనీ స్ప్రింగులే కొత్తవి, మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు ఆయిల్ చెప్పినంతే, కొత్త సీళ్ళు వేయించాను. ప్యాడ్లు, కోన్‌సెట్, స్టీలు హోస్ కలిపి ఏడు వేలు దాటలేదు. యూఎస్‌డీ ఫోర్కయితే దానికి మూడు నాలుగింతలు.

డబ్బు ఒక్కటే కాదు. వేరే బండి ఫోర్కు తగిలిస్తే పొడవు మారుతుంది, హ్యాండిల్ కోణం మారుతుంది. స్టీరింగు ఇరుసు గీత నేలని తాకే చోటుకీ, టైరు నేలని తాకే చోటుకీ మధ్య దూరం కూడా మారుతుంది. బండి నిలకడంతా ఆ కొన్ని అంగుళాల్లో ఉంది. ఇంజనీర్లు లెక్కవేసి పెట్టిన దాన్ని మనం వెల్డింగు షాపులో మార్చేస్తామా? టెస్టింగ్ లేకుండా శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లో కోడ్ పెట్టేవాణ్ణి మనమేమంటాం?

"ఇంత గోలెందుకు, కొత్త బండి కొనుక్కోవచ్చుగా" అనొచ్చు మీరు. న్యాయమే. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ పైబడిన కొత్త బళ్ళన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. నా బండికి అది ఎప్పటికీ రాదు. అందుకే జ్ఞాపకాల కోసం పాత బండి ఉంచుకునేవాడికి బాధ్యత ఎక్కువంటాను. జ్ఞాపకాలు మనవి, కానీ బ్రేకు పడకపోతే దెబ్బ తగిలేది రోడ్డు దాటుతున్న ఎవరికో. బ్రేకుల మీద ఖర్చు దండగనిపిస్తే బండి అమ్మేయడమే మంచిది.

మా బావికి కూడా ఎవరూ కొత్త హంగులతో మొదలుపెట్టలేదు. ముందు దశాబ్దాల చెత్త ఎత్తిపోశారు. అడుగున నీళ్ళు ఉండనే ఉన్నాయి.

మొన్న అదే సందులో మళ్ళీ ఓ ఆటో ఆగింది. రెండు వేళ్ళతో నొక్కాను, ఆగింది. వెనకనుంచి అమ్మాయి ఏమీ అనలేదు, ఫోన్‌లో ఏదో చూసుకుంటోంది. నాకు కావలసింది కూడా అదే.

ఈ వారం ఆఫీసుకి బయలుదేరే ముందు లివరు ఒకసారి గట్టిగా నొక్కి చూడండి. మెత్తగా ఉంటే ఆ రోజు బస్సులో వెళ్ళండి.