ఆగింది టైమరే, మెషీను కాదు

మా రెంటచింతల వేసవిలో తప్ప పత్రికలకు గుర్తు రాదు. ఎండ ఎంత కాసిందో చెప్పడానికి మా ఊరొక కొలబద్ద. ఆ ఎండకు మనుషులే కాదు, యంత్రాల్లోని గ్రీజు కూడా ఎండిపోతుంది.

మొన్నటి వేసవిలో మా అమ్మ వాడే పాత సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషీను టైమరు ఎనిమిది నిమిషాల గీత దగ్గర బిగుసుకుపోయింది. నాబు వెనక్కి రాదు. టబ్బు అడుగున చక్రం మాత్రం ఒకేవైపు ఆగకుండా తిరుగుతుంది. పట్నం నుంచి వచ్చిన మెకానిక్కు మూత విప్పకుండానే తీర్పు చెప్పాడు: "దీనికి సామాను రావట్లేదండీ. కొత్తది తీసుకోండి." నా తగాదా ఆ కుర్రవాడితో కాదు, ఆ మాట అతనికి నేర్పిన వ్యాపారనీతితో. విప్పి చూడని వస్తువుకు మరణధ్రువీకరణ ఇవ్వడమేమిటి?

ఆ టైమరులో మహారహస్యమేదీ లేదు. గోడగడియారంలో ఉన్నదే ఉంది. నాబు తిప్పితే స్ప్రింగుకు కీ ఎక్కుతుంది. పళ్ళచక్రాలు దాన్ని మెల్లగా వదులుతాయి. వాటితోపాటు తిరిగే గతుకుల చక్రాలు రాగిరేకులను నొక్కుతూ, వదులుతూ, మోటారును ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకూ తిప్పి, గడువు తీరగానే ఆపేస్తాయి. మా టైమరులో దుమ్మూ, సబ్బుపొడీ, ముదిరిన గ్రీజూ కలిసి మైనంలా పేరుకున్నాయి. జబ్బు అంతే.

ప్లగ్గు పీకి, కెపాసిటరు జోలికి పోకుండా, తీగల రంగులు కాగితం మీద రాసుకుని టైమరును బయటికి తీశాను. పుల్లకు గుడ్డ చుట్టి మడ్డి తుడిచాను. ఇరుసులకు కుట్టుమిషను నూనె ఒక్కొక్క చుక్క వేశాను, రాగిరేకులకు తగలకుండా. ఒక మధ్యాహ్నం పట్టింది. (ఒక స్క్రూ మిగిలింది. అది ఎక్కడిదో ఇప్పటికీ తెలియలేదు.)

హైదరాబాదులో ఉన్న మిత్రుడొకడు నవ్వాడు. నా సగంరోజు జీతం కొత్త టైమరు ధర కంటే ఎక్కువట. లెక్క సరైనదే. కానీ దుకాణంలో ఆ టైమరు దొరికితే కదా ఆ లెక్క! మూడు నాలుగు వందల భాగం దొరక్కుండా చేసి వేల రూపాయల వస్తువును అమ్మడాన్ని ప్రగతి అనడానికి నాకు నోరు రాదు. తీగల తొడుగు పగిలి షాకు కొట్టే మెషీనును ఉంచుకొమ్మని నేననను. చావవలసినవి చావనీండి. బతికేవాటిని చంపకండి.

ఐరోపా సమాఖ్యలో 2021 మార్చి నుంచి అమలైన నిబంధనల ప్రకారం, వాషింగ్ మెషీను అమ్మకం ఆపేశాక కూడా కనీసం పదేళ్ళు ముఖ్యమైన విడిభాగాలు అందుబాటులో ఉంచాలి. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కుపై సంఘం వేసింది, అదే డిసెంబరు 24న ఒక పోర్టల్ తెరిచింది. సంతోషం. అయితే పోర్టల్‌లో ఫోను నంబరు కనబడటం వేరు, మాచర్ల బజారులో టైమరు చేతికి రావడం వేరు. మొదటిదాన్ని చూపించి రెండోది వచ్చేసిందని నమ్మించకండి. కంపెనీ దయగా కాక బాధ్యతగా విడిభాగం ఇవ్వాలని చట్టం చెప్పాలి.

మా టైమరు ఇప్పుడు పదిహేను నిమిషాలకు పదిహేడు తీసుకుంటోంది. అమ్మకు అభ్యంతరం లేదు.