ఊరడానికి తొందరేమిటి?

ఈ మధ్య ఒక సాయంకాలం అమెరికాలో ఉన్న మా మేనల్లుడు ఫోను చేసి, మాటల్లో మాటగా తన కొత్త వ్యాపకం గురించి చెప్పుకొచ్చాడు. సిగరెట్టు మానేశాడట. దాని బదులు బ్యాటరీతో పనిచేసే ఆవిరి గొట్టమొకటి పట్టుకున్నాడట. అందులో పోసే ద్రవాన్ని కొనకుండా ఇంట్లోనే కలుపుకుంటున్నాడు. గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, నికోటిన్, కాస్త సువాసన సారం. కలిపాక రెండు మూడు వారాలు చీకట్లో ఊరనివ్వాలని అనుభవజ్ఞులు చెబుతారట. వీడికంత ఓపిక ఎక్కడిది? సీసాలను వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టి పూటలో కానిచ్చేస్తున్నాడు. అంతటితో ఊరుకున్నాడా? "మావయ్యా, అమ్మమ్మ ఆవకాయక్కూడా ఇదే చెయ్యొచ్చుగా! మూడు రోజులెందుకు, మూడు గంటలు చాలు" అని ఒక ఉచిత సలహా.

ఆ చివరి మాటే లేకపోతే నేనీ రాతకు పూనుకునేవాణ్ణి కాను.

ముందుగా ఒక సంగతి. మన దేశంలో ఈ ఆవిరి సిగరెట్లను 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సుతోనూ, అదే ఏడాది డిసెంబరులో చట్టంతోనూ నిషేధించారు. తయారీ, దిగుమతి, అమ్మకం అన్నీ నేరమే. తొలిసారికే ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. కనుక సత్తెనపల్లిలో కూర్చుని ఎవరూ ఈ ప్రయోగానికి దిగకండి. అయితే నా తగవు చట్టం తరఫున కాదు, ఊరడం తరఫున.

మావాడి వాదంలో కొంత నిజం ఉందని ఒప్పుకుంటాను. గ్లిజరిన్ తేనెలా చిక్కనిది. వేడి తగిలితే పలచబడి, మిగతావాటితో త్వరగా కలుస్తుంది. కానీ కలవడం వేరు, ఊరడం వేరు. పది డిగ్రీల వేడి పెంచితే రసాయన చర్యల వేగం సుమారు రెండింతలవుతుందని కళాశాలలో చదువుకున్నాం కదా. మనకు కావలసిన చర్య ఒక్కటే వేగం పుంజుకుంటుందని ఏ పుస్తకంలోనూ రాయలేదు. అక్కర్లేనివీ దానితో పాటే పరుగెడతాయి. తేలికగా ఎగిరిపోయే సువాసనలు మూత తీయగానే పోతాయి. నికోటిన్ గాలికీ, వెలుతురుకూ, వేడికీ ఆక్సీకరణ చెంది గోధుమరంగుకు తిరుగుతుంది. తమాషా ఏమిటంటే, ఆ రంగు చూసే వీళ్ళు "ఆహా, ఊరింది" అని మురిసిపోతారు! మాడిన అన్నాన్ని చూసి బాగా ఉడికిందని సంబరపడే వాళ్ళను ఏమనాలి?

"పొగాకును వేడితోనే కదా పదును పెడతారు" అని అడిగాడు మావాడు. అడిగినందుకు సంతోషించాను. మా బంధువులకు కొండపి వైపు వర్జీనియా పొగాకు బ్యారన్ ఉండేది. చిన్నప్పుడు సెలవులకు వెళ్ళి చూసినవాణ్ణి. కర్రలకు అల్లిన పచ్చి ఆకును బ్యారన్‌లో వేలాడగట్టి, మొదట పెట్టేది సన్నని సెగే. సుమారు 35 నుంచి 40 డిగ్రీలు, గదిలో తేమ తగ్గకుండా. ఆకు ఇంకా బతికే ఉంటుంది. దానిలోని పిండిపదార్థం చక్కెరగా మారుతూ, పచ్చదనం మెల్లగా పసుపుకు తిరుగుతుంది. అది పూర్తయ్యాకే వేడి పెంచి రంగు నిలబెడతారు, చివరికి 70 డిగ్రీల దాకా తీసుకెళ్ళి ఈనె ఆరబెడతారు. మొత్తం ఐదారు రోజులు. మొదటి రాత్రే తొందరపడి సెగ పెంచారా, ఆకు పచ్చగానే ఆరిపోతుంది. ఆ తరువాత ఎంత పొయ్యి మండించినా పసుపు రాదు. వేలంలో దాని ధర సంగతి చెప్పనక్కర్లేదు. అందుకే బ్యారన్ దగ్గర మనిషి రాత్రంతా మేలుకుని ఉష్ణమాపకం చూస్తూ కూర్చునేవాడు. పుల్ల ఎగదోయడం ఎవరికైనా వచ్చు; ఎప్పుడు ఎగదోయకూడదో తెలిసినవాడికే కూలి ఎక్కువ.

ఇక ఆవకాయ. (మేం 2022లో పల్నాడు జిల్లాలో చేరాం గానీ, ఆవకాయ విషయంలో ఇంకా గుంటూరువాళ్ళమే.) పొడి ఆవపిండి నోట్లో వేసుకుని చూడండి, మొదట చేదు తప్ప ఘాటుండదు. మామిడిముక్కలోని నీటిని ఉప్పు బయటికి లాగుతుంది. ఆ తడి తగిలాక ఆవపిండిలోని మైరోసినేజ్ అనే ఎంజైము మేల్కొని ముక్కునంటే ఘాటును పుట్టిస్తుంది. వేడిచేశారా, ఎంజైము చచ్చి ఘాటు పుట్టదు. పుట్టాక వేడిచేశారా, ఉన్న ఘాటు కాస్తా ఎగిరిపోతుంది. కారం ఎరుపూ చివికిపోతుంది. మూడోనాడు అమ్మ జాడీ వాసెన విప్పి తిరగగలుపుతుందే, అది తంతు కాదు. అడుగున చేరిన ఊటనూ, పైన తేలిన నూనెనూ మళ్ళీ ముక్కకు పట్టించడం. మాగాయను ఎండబెట్టమా, గోంగూరను వేయించమా అంటారేమో. అక్కడ వేడి పని నీటిని తోలేయడం, ఊరడాన్ని తోసుకుపోవడం కాదు.

కోపం వచ్చిన అసలు సంగతి ఇంకా చెప్పలేదు. చిక్కని నికోటిన్ సీసాను వాడు వేడిచేసేది వంటగట్టు మీద. ఇంట్లో నాలుగేళ్ళ పిల్ల. తడి పొగాకు ఆకు కోసే కూలీలకు చర్మం గుండా నికోటిన్ ఎక్కి వాంతులు, తలతిరుగుడు వస్తాయి. ఒంటికి అంటిన ఆకుతడికే పెద్దవాళ్ళు అలా పడిపోతుంటే, శుద్ధిచేసిన సారం, పండ్ల వాసన కలిపినది, పిల్ల చేతికందే ఎత్తులో! వారాలు ఊరబెట్టేవాడైతే చీకటి అరలో దాచి మరిచిపోయేవాడు. తొందరే దాన్ని పొయ్యి పక్కకు తెచ్చింది.

ఇదంతా వాడికి చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. "సీసాలు గరాజులో పై అరలో పెట్టి తాళం వేస్తాను మావయ్యా" అన్నాడు చివరికి. మానేస్తానని మాత్రం అనలేదు. పక్కనే ఉన్న అమ్మ ఫోను లాక్కుని, ఈ ఏటి ఆవకాయ మూడోనాడు తిరగగలిపాకే కట్టిస్తాననీ, అప్పటిదాకా ఎవరూ తనను తొందరపెట్టవద్దనీ చెప్పి పెట్టేసింది.