నూలు చూసి కొంటాం, కాగితం చూడకుండా సంతకం పెడతాం

మన షోలాపూర్ టవెల్ ఎన్ని దేశాలు తిరిగి వచ్చిందో లెక్కలేదు. మన చాదరుకు జీఐ గుర్తింపు కూడా ఉంది. కానీ వాటిని నేసిన చేతులకు ఒక పాస్‌పోర్ట్ కావాల్సి వస్తే మాత్రం, అశోక్ చౌక్ నుంచి విడి ఘర్కుల్ దాకా ఒకటే మాట వినబడుతుంది: "ఫలానా ఆయనకు ఇచ్చెయ్, అంత ఆయనే చూసుకుంటడు." ఈ 'చూసుకుంటడు' అనే మాట మీదనే ఈసారి నా గొడవ.

మా పెద్దమ్మ కథ చెప్తాను. ఆమెకు 58 ఏళ్ళు. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి బీడీలు చుట్టింది. ఆ సంపాదనతోనే బిడ్డను ఇంజనీరింగ్ చదివించింది. ఆ బిడ్డ ఇప్పుడు జర్మనీలో ఉంది. తొలి కాన్పు. "అమ్మా, నువ్వు రావాలె" అన్నది. ఇంట్లో ఎవరికీ పాస్‌పోర్ట్ పని తెలియదు. తెలుసుకుందామన్న ఆలోచన కూడా రాలేదు. మన వాడలోనే తిరిగే ఒక ఏజెంటుకు ఆధార్ కార్డు, ఫొటోలు, డబ్బు ఇచ్చేశారు. ఫారం ఆయనే నింపాడు, ఫోన్ నంబరు ఆయనదే పెట్టాడు. ఓటీపీ వచ్చిందీ ఆయనకే.

కొన్నాళ్ళకు ఆయన ఒక కొత్త ఖర్చు చెప్పాడు. "పెద్దమ్మ పది పాస్ కాలేదు కదా, పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ ముద్ర పడుతది. అది తీయించాలంటే పన్నెండు వేలు." ఇచ్చారు. బీడీల డబ్బు, పండుగకు దాచిన డబ్బు. ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు.

ఆ ఒక్క మాటలో ఎన్ని అబద్ధాలు ఉన్నాయో చూడండి. ఒకటి, 50 ఏళ్ళు దాటినవాళ్ళకు పది పాస్ కాకపోయినా ఆ ముద్ర పడదు. రెండు, ఆ ముద్ర ఉన్నవాళ్ళు కూడా ఉద్యోగానికి కాకుండా చుట్టపు చూపుగా పోతే 2007 అక్టోబరు నుంచి ఎమిగ్రేషన్ అనుమతి అక్కరలేదు. మూడు, ఆ అనుమతి అడిగేది గల్ఫ్ దేశాలు, మలేషియా, లిబియా లాంటి కొన్ని దేశాలకు పనికి పోయేవాళ్ళను. జర్మనీ ఆ జాబితాలోనే లేదు. ఇవన్నీ మన సర్కారు సైట్లలో ఎవరైనా చదువుకునేటట్టు రాసి ఉన్నవే. పది నిమిషాల చదువు. ఆ పది నిమిషాలు పెట్టనందుకు పన్నెండు వేలు.

డబ్బు పోతే పోయింది అనుకోవచ్చు. అసలు దెబ్బ పేరు దగ్గర పడింది. పాస్‌పోర్ట్‌లో పెద్దమ్మ ఇంటిపేరు ఒక రకంగా, బిడ్డ పాస్‌పోర్ట్‌లో మరో రకంగా వచ్చింది. వీసా కాగితాల దగ్గర తల్లీ బిడ్డల సంబంధానికి రుజువు అడిగారు. బిడ్డ పుట్టిన దాఖలాలో తల్లి పేరు ఇంకో తీరుగా ఉంది. మళ్ళీ 1500 రూపాయలు కట్టి, పాస్‌పోర్ట్ మార్పించి, అన్నీ సరిచేసేసరికి కాన్పు అయిపోయింది. మనవడి ఇరవై ఒకటో రోజు పెద్దమ్మ ఫోన్‌లో చూసింది. చూసి ఒకే మాట అన్నది: "కట్టల ఒక్క బీడీ తక్కువైతే కారఖానల మొత్తం కట్ట పక్కకు పడేస్తరు. నా పేరుల అక్షరం తప్పితే ఎవ్వరు చూడలే."

ఎవరూ చూడలేదు. ఏజెంటు ఒక్కడే కాదు, మేమూ చూడలేదు. నేను కూడా. అందుకే ఈ రాత కోపంగా ఉంటే అందులో సగం కోపం నా మీదనే అనుకోండి.

మన ఇళ్ళలో ఇప్పుడు ఫోన్ లేనిది ఎవరికి? పెళ్ళి చీర రంగు ఆన్‌లైన్‌లో వెతుకుతాం. మ్యాచ్ స్కోరు చూస్తాం. కానీ మన ప్రయాణం సంగతి వెతకాల్సి వచ్చేసరికి చేతులు ముడుచుకుంటాం. ఇంట్లో చదువుకున్న పిల్లలను అడిగితే ఇంకో జవాబు: "అంతా ఆన్‌లైన్‌లో ఉంది కదా కాకా!" అని తమ ఫోన్‌లో తాము మునిగిపోతారు. ఉంది, నిజమే. సంతలో నూలు కూడా ఉంటుంది. ఏ కట్ట మంచిదో చెప్పేవాడు లేకపోతే ఉండి ఏం లాభం?

నూలు మాటే తీసుకుందాం. మా తాత కట్ట మీద మిల్లు ముద్ర చూసేవాడు, కౌంటు చూసేవాడు, ఒక పోగు తీసి వేళ్ళ మధ్య నలిపి చూసేవాడు. అమ్మేవాడు సొంత బావమరిది అయినా సరే. అప్పుడు ఎవరూ దాన్ని అనుమానం అనలేదు, పనితనం అన్నారు. ఆ పనితనం ఫోన్ తెర ముందు ఎందుకు మరిచిపోతున్నాం?

తెర మీద మిల్లు ముద్ర అంటే చిరునామా. పాస్‌పోర్ట్‌కు అసలు సైటు పాస్‌పోర్ట్‌ఇండియా డాట్ జీఓవీ డాట్ ఇన్. చివర 'జీఓవీ డాట్ ఇన్' లేకపోతే అది సర్కారుది కాదు. అదే రంగులు, అదే బొమ్మలు పెట్టి, ఎక్కువ డబ్బు గుంజే నకిలీ సైట్లు ఉన్నాయని విదేశాంగ శాఖే జనాన్ని హెచ్చరించింది. వెతికినప్పుడు పైన వచ్చే మొదటి రెండు మూడు చాలాసార్లు డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటనలు. వీసాకు అయితే ముందు ఆ దేశం రాయబార కార్యాలయం సొంత పేజీకి పోవాలి. దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలో ఆ పేజీయే చెప్తుంది. అక్కడి నుంచే ముందుకు పోవాలి.

కౌంటు అంటే తేదీ. ఏ వీడియో అయినా, ఏ వాట్సాప్ సందేశం అయినా, రాసిన తేదీ లేకపోతే అది పాత బస్సుల పట్టిక లాంటిది. ఒక ఉదాహరణ. జర్మనీ, ఫ్రాన్స్ లాంటి షెన్‌గెన్ దేశాల వీసా రుసుము 80 యూరోలు అని చెప్పే వీడియోలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. 2024 జూన్ 11 నుంచి పెద్దవాళ్ళకు అది 90. చెప్పినవాడు అబద్ధం చెప్పలేదు, పాతది చెప్పాడు. నష్టం మాత్రం రెండింటికీ ఒకటే.

ఇక పోగు నలిపి చూడడం అంటే ఒకే సంగతిని రెండు చోట్ల చూడడం. ఆ వీసాకు ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. ఏ 180 రోజుల్లో అయినా 90 రోజులకు మించి ఉండరాదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు ఇవ్వవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. ఈ మూడు ముక్కలు పెద్దమ్మ ఇంట్లో ఎవరికైనా తెలిసి ఉంటే, కాన్పు నెల తెలిసిన రోజే పని మొదలయ్యేది. "ఇంకా టైముంది" అన్న ఏజెంటు మాటకు తలూపేవాళ్ళం కాదు.

ఇక్కడ మనలాంటివాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. తెలుగులో ఈ విషయాల మీద వీడియోలు చాలా ఉన్నాయి. కానీ అవి హైదరాబాద్, విజయవాడ వాళ్ళ కోసం చేసినవి. 'మీ సేవ'కు పొమ్మంటారు. మనకు మీ సేవ ఎక్కడిది? కరీంనగర్ చుట్టాలు తమకు తెలిసిన కాన్సులేట్ పేరు చెప్తారు. అది మనకు వర్తిస్తుందో లేదో ఆ దేశం రాయబార కార్యాలయం పేజీలోనే చూసుకోవాలి. పాస్‌పోర్ట్‌కు మన పై కార్యాలయం పుణె. మరాఠీలో చెప్పేవాళ్ళ మాట మనకు అర్థమవుతుంది, కానీ మన ఇంటిపేర్ల తిప్పలు వాళ్ళకు తెలియవు.

ఆ తిప్పలు మీ అందరికీ తెలిసినవే. తెలుగువాళ్ళు ఇంటిపేరు ముందు రాస్తారు. ఇక్కడి పద్ధతిలో ముందు సొంత పేరు, మధ్యలో తండ్రి పేరో భర్త పేరో, చివర ఆడనావ్. బడిలో మాస్తరు మన ఇంటిపేరును తన చెవికి తోచినట్టు మరాఠీలో రాశాడు. ఆధార్ వాళ్ళు ఆ మరాఠీని చూసి ఇంగ్లీషు చేశారు. ఒకే ఇంట్లో అన్నకు ఒక స్పెల్లింగ్, తమ్ముడికి ఇంకొకటి. పాస్‌పోర్ట్ ఫారంలో ఉన్నవి రెండే గళ్ళు. మొదటి గడిలో సొంత పేరు, దాని వెంట మధ్య పేరు. రెండో గడిలో ఇంటిపేరు. ఆ రెండో గడి ఖాళీగా వదిలేసినవాళ్ళు కూడా ఉన్నారు. 2022 నవంబరు నుంచి పాస్‌పోర్ట్‌లో ఒకటే పేరు ఉన్నవాళ్ళను విజిట్ వీసా మీద రానివ్వబోమని దుబాయ్ ఉన్న యూఏఈ దేశం చెప్పింది. అంటే ఇది అక్షరదోషం కాదు, ప్రయాణం ఆపే దోషం. మన ఇంటి పేరు మనమే చూసుకోకపోతే ఏజెంటుకు ఏం పట్టింది?

"చదువు రానివాళ్ళు ఏం చేయాలి? ఏజెంటు లేకుండా ఎట్ల?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఏజెంటు వద్దు అని నేను అనడం లేదు. ఫారం నింపడం ఒక పని, దానికి కూలి ఇవ్వాల్సిందే. గుమాస్తాను పెట్టుకోండి, యజమానిని తెచ్చుకోకండి. ఫోన్ నంబరు, ఈమెయిల్ మీ ఇంటివే పెట్టించండి. ఓటీపీ మీ దగ్గరకే రావాలి. సర్కారు రుసుము ఎంత, ఆయన కూలి ఎంత, విడివిడిగా అడగండి. సాధారణ పాస్‌పోర్ట్ 36 పేజీలది 1500 రూపాయలు. 60 దాటినవాళ్ళు కొత్తగా తీసుకుంటే పది శాతం తగ్గింపు ఉంది. ఇది ఎంతమంది ఏజెంట్లు మీకు చెప్పారు? ఆఖరి బటన్ నొక్కే ముందు ప్రతి గడి చదివించుకొని వినండి, పేరు అక్షరం అక్షరం. చదవడం రాకపోయినా వినడం వస్తుంది కదా. అనుమానం ఉంటే 1800-258-1800 పాస్‌పోర్ట్ వాళ్ళ ఉచిత నంబరు. ఫోన్ చేసి అడగడానికి సిగ్గెందుకు?

చుట్టపు చూపు సంగతి ఇది. పనికి పోయేవాళ్ళది ఇంకా పెద్ద సంగతి. పవర్‌లూమ్ పని తగ్గి మన పిల్లలు కూడా గల్ఫ్ మాట ఎత్తుతున్నారు. సిరిసిల్ల, జగిత్యాల వైపు చుట్టాలను అడగండి, ఆ దారిలో ఎంతమంది మోసపోయారో చెప్తారు. పనికి పంపే ఏజెంటుకు సర్కారు లైసెన్సు ఉండాలి. ఆ పేరు ఈ-మైగ్రేట్ సైటులో ఉందో లేదో ఎవరైనా చూడవచ్చు. ఆయన తీసుకోవాల్సిన సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి తీసుకోరాదు. లక్ష అడిగినవాడికి అప్పు చేసి లక్ష ఇచ్చేముందు ఈ ఒక్క పేజీ చదివితే ఒక ఇల్లు నిలబడుతుంది.

మన పెద్దలు ఈ ఊరికి ఎట్లా వచ్చారో మీ ఇళ్ళలోనూ చెప్పుకుంటారు. 1877లో జూనీ గిర్ణి మొదలైంది. తర్వాత మరిన్ని మిల్లులు, చేతిమగ్గాలు. మా ముత్తాత తెలంగాణ నుంచి ఊరికే కట్టుబట్టలతో రాలేదట. ముందు వచ్చిన చుట్టాన్ని పిలిపించుకొని అడిగాడట: కూలి ఎంత, ఇల్లు ఎక్కడ, నీళ్ళు ఎంత దూరం, షావుకారు మాట మీద నిలబడతాడా అని. చదువు రాని మనిషే. కానీ పోయి వచ్చినవాడి నోటి మాట వినకుండా అడుగు వేయలేదు. మనం డిగ్రీలు పెట్టుకొని అడగకుండానే పోతున్నాం.

అందుకే నేను కోరేది పెద్దది కాదు. మార్కండేయ రథోత్సవానికి మన వాడల్లో ఎంత ఓపిక, ఎంత చందా పోగవుతుందో అందరికీ తెలుసు. తప్పులేదు, అది మన పండుగ. అందులో వందో వంతు ఓపికతో వాడకొకచోట, ఆదివారం రెండు గంటలు, చదువుకున్న పిల్ల ఒకతె ఒక కంప్యూటర్ ముందు కూర్చుంటే చాలు. అసలు సైటు తెరవాలి, చదివి తెలుగులో చెప్పాలి. పక్కన ఒక నోటుపుస్తకం ఉండాలి. ఎవరు ఏ దేశం పోయివచ్చారు, ఏ తేదీన, ఏ కాగితాలు అడిగారు అన్నది వచ్చినవాళ్ళే చెప్తే రాసుకోవాలి. సర్కారు మాట తెర మీద ఉంటుంది, పోయి వచ్చినవాళ్ళ మాట పుస్తకంలో ఉంటుంది. రెండూ కలిస్తేనే పడుగూ పేకా కలిసినట్టు. భివండిలో, సూరత్‌లో, ముంబైలో ఉన్న మనవాళ్ళకూ ఇదే మాట. మీకూ రెండు రాష్ట్రాల మధ్య నలిగే ఇంటిపేర్లే ఉన్నాయి.

పెద్దమ్మ కొత్త పాస్‌పోర్ట్ వచ్చింది. ఈసారి పోస్టాఫీసు పాస్‌పోర్ట్ కేంద్రానికి నేను వెంట పోయాను, కానీ మాట్లాడింది ఆమె. తెర మీద పేరు చూపించి సరిగా ఉందా అని అడిగితే, మా తమ్ముడి కూతురు నేర్పిన ఇంగ్లీషు అక్షరాలను వేలు మడుస్తూ ఒక్కొక్కటిగా చదివింది. చివరి అక్షరం దాకా చదివాకే తలూపింది. మనవడు నడక నేర్చుకుంటున్నాడట. వచ్చే వేసవికి పోతుంది. దరఖాస్తు ఎప్పుడు ఇవ్వాలో ఆ తేదీని క్యాలెండర్ మీద తనే గుండ్రంగా గీసి పెట్టుకుంది.