ఏ ట్యాంకు బొమ్మ కొనాలి?

"మాస్టారూ! జర్మన్ టైగర్ ట్యాంకు కొనమంటారా, టి-90 కొనమంటారా?"

బాగ్ లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ముందు తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు నన్ను ఆపి అడిగిన ప్రశ్న ఇది. మేనమామ ఇచ్చిన డబ్బు వాడి జేబులో ఉంది. ముక్కలు అతికించి తయారుచేసుకునే ప్లాస్టిక్ నమూనా కిట్టు కొనాలని వాడి కోరిక. "ఆ రెండే ఎందుకురా?" అన్నాను. "డబ్బా మీద బొమ్మ బావుంది మాస్టారూ" అన్నాడు, దాపరికం లేకుండా.

డబ్బా మీద బొమ్మ ఎప్పుడూ బాగానే ఉంటుంది. మంటలు, పొగ, దుమ్ము లేపుకుంటూ దూసుకొచ్చే ట్యాంకు - అదంతా చిత్రకారుడి పనితనం. డబ్బా తెరిస్తే ఉండేవి ప్లాస్టిక్ ముక్కలు, వాటిని ఎలా అతకాలో చెప్పే కాగితం. బొమ్మ చూసి కిట్టు కొనడమంటే గుమ్మానికి కట్టిన తోరణాలు చూసి సంబంధం ఖాయం చేసుకున్నట్టే.

నమూనా కొనబోయే విద్యార్థి వేసుకోవలసిన ప్రశ్న వేరే ఉంది. "దీని అసలు యంత్రాన్ని గురించి నేను తెలుసుకోగలనా? ఈ నమూనా నిజం చెబుతోందో లేదో కొలిచి చూడగలనా?" అని అడగాలి. అలా కొలతకు నిలబడేదే మంచి నమూనా అని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

పేరే ఒక మారువేషం

బాగ్ లింగంపల్లి నుంచి అశోక్‌నగర్, ఇందిరా పార్కు దాటి వెళితే ట్యాంక్ బండ్ వస్తుంది. అక్కడ ట్యాంక్ అంటే చెరువు. చెరువుకూ, యుద్ధ యంత్రానికీ ఒకే పేరు ఎలా వచ్చింది? మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్ వారు ఈ యంత్రాన్ని రహస్యంగా తయారుచేస్తూ, అవి నీళ్ళు మోసే తొట్లని అందరికీ చెప్పారు. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులోని సోమ్ యుద్ధరంగంలో ఆ 'తొట్లు' మొదటిసారి కదిలాయి. రహస్యం బయటపడింది గాని పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది. ఆ ఇంగ్లీషు మాట కూడా నీటి తొట్టికి గుజరాతీ, మరాఠీ భాషల్లో ఉన్న మాట నుంచే వెళ్ళి ఉంటుందని నిఘంటువులు చెబుతున్నాయి.

కాబట్టి పేరును చూసి మోసపోకూడదు. డబ్బా మీద ఏ పేరున్నా, లోపలి చక్రాలు లెక్కపెట్టండి. టి-72కు ఒక్కో పక్క నేల బరువు మోసే చక్రాలు 6 ఉంటాయి. మన అర్జున్‌కు 7. పాత టి-55కు 5 మాత్రమే. అందులోనూ మొదటి చక్రానికీ రెండోదానికీ మధ్య ఎడం ఎక్కువ. నమూనా తయారుచేసినవారు అసలును శ్రద్ధగా చూశారా, లేదా అన్నది ఇక్కడే తెలిసిపోతుంది.

ముప్పయి అయిదో వంతు

ట్యాంకు నమూనాలు ఎక్కువగా రెండు స్కేళ్ళలో దొరుకుతాయి: 1:72, 1:35. మొదటిదాని లెక్క సులువు. ఆరడుగుల మనిషి ఒక అంగుళం అవుతాడు. ఆరడుగులంటే 72 అంగుళాలు గదా! రెండోదాని కథ తమాషాగా ఉంటుంది. 1961లో జపానుకు చెందిన తమియా కంపెనీ పాంథర్ ట్యాంకు నమూనాను తయారుచేసింది. మోటారు, బ్యాటరీలు లోపల పట్టేలా దాని కొలత నిర్ణయించారు. తరువాత లెక్క చూసుకుంటే అది అసలులో సుమారు 35వ వంతని తేలింది. లోకమంతా ఇప్పుడు పాటిస్తున్న స్కేలు అలా బ్యాటరీల పుణ్యాన పుట్టింది.

ఇప్పుడు మీరు స్కేలు తీసుకోండి. టి-72 ఫిరంగి గొట్టాన్ని వదిలేసి ఒళ్ళు మాత్రం కొలిస్తే పొడవు 6.95 మీటర్లు, ఎత్తు 2.23 మీటర్లు. 35తో భాగించండి. పొడవు 19.9 సెంటీమీటర్లు, ఎత్తు 6.4 సెంటీమీటర్లు రావాలి. మిల్లీమీటరో, రెండో తేడా ఉంటే సర్దుకోవచ్చు. సెంటీమీటరు తేడా వస్తే డబ్బా మీద రాసింది అబద్ధమే.

దాని పక్కన అమెరికా వారి పాటన్ ట్యాంకును నిలబెట్టండి. దాని ఎత్తు దాదాపు 3 మీటర్లు, అంటే నమూనాలో ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. ఈ తేడా ఎందుకొచ్చింది? పాటన్‌లో గుండును ఎత్తి ఫిరంగిలో పెట్టడానికి ఒక మనిషి ఉంటాడు. టి-72లో ఆ పని యంత్రం చేస్తుంది. నలుగురి బదులు ముగ్గురు చాలు. మనిషి తగ్గితే చోటు తగ్గుతుంది, కప్పు కిందికి దిగుతుంది, శత్రువు కంటికి ట్యాంకు చిన్నదవుతుంది. రెండు నమూనాలను పక్కపక్కన పెడితే ఇంత చరిత్ర బల్ల మీద కనిపిస్తుంది. డబ్బా మీది మంటల బొమ్మలో ఇది దొరుకుతుందా?

మన పొరుగు యంత్రాలు

విదేశీ ట్యాంకు కొనవద్దని నేననను. అయితే మొదటి నమూనా మనకు దగ్గరగా ఉన్నదైతే మంచిది. దగ్గరి వస్తువును అడిగి తెలుసుకోవచ్చు. 1965, 1971 యుద్ధాల్లో పట్టుబడిన పాటన్ ట్యాంకులను మన దేశంలో చాలా ఊళ్ళలో ప్రదర్శనకు నిలబెట్టారు. 1994లో మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్‌లో ట్యాంకుల మ్యూజియమే ఏర్పడింది. ఆ ఊరినిప్పుడు అహిల్యానగర్ అంటున్నారు. అటువైపు ప్రయాణం పడితే టేపు వెంట తీసుకుని వెళ్ళండి.

అంత దూరం ఎందుకు, హైదరాబాదునే తీసుకోండి. అర్జున్ ట్యాంకు కవచం పేరు 'కంచన్'. ఆ పేరు మన కంచన్‌బాగ్ నుంచి వచ్చింది. అక్కడి రక్షణ లోహ పరిశోధనశాలలోనే దాన్ని రూపొందించారు. ఉక్కు పలకల నడుమ వేరే పదార్థాలను పొరలుగా పేర్చిన కవచమది. 1974లో మొదలైన అర్జున్ పథకంలో ట్యాంకులు సైన్యం చేతికి అందడం ప్రారంభమైంది 2004లో. ఒక యంత్రం కాగితం మీది నుంచి నేల మీదికి దిగడానికి 30 ఏళ్ళు పట్టింది! నమూనా కట్టడానికి నెల పడుతోందని విసుక్కునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో 1984లో ఏర్పడిన కర్మాగారం ఉంది. 'సారథ్' అనే వాహనం అక్కడ తయారయింది. అది రష్యా వారి బి.ఎం.పి.-2కు మన రూపం. చూడడానికి ట్యాంకులాగే ఉన్నా సరిగ్గా ట్యాంకు కాదు. సైనికులను లోపల కూర్చోబెట్టుకుని వెళుతుంది. నీటి మీద తేలుతూ ఏరు కూడా దాటుతుంది. బి.ఎం.పి.-2 పేరుతో దీని కిట్లు దొరుకుతాయి.

నమూనా చెప్పనిది

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పొడవును 35వ వంతు చేస్తే అన్నీ 35వ వంతు అవుతాయా? కావు. వైశాల్యం 35 × 35, అంటే 1,225వ వంతు అవుతుంది. ఘనపరిమాణం, దానితోపాటు బరువు 42,875వ వంతుకు పడిపోతాయి. మొదటి అర్జున్ బరువు 58.5 టన్నులు. అదే లోహాలతో 1:35 నమూనా చేస్తే అది ఒక కిలో 364 గ్రాములు మాత్రమే తూగుతుంది!

నేల మీద పడే పీడనమంటే బరువును ఆనుకునే వైశాల్యంతో భాగించడం. బరువు 42,875వ వంతు, వైశాల్యం 1,225వ వంతు అయితే పీడనం 35వ వంతు అవుతుంది. అసలు అర్జున్ చదరపు సెంటీమీటరుకు సుమారు 850 గ్రాముల బరువు మోపుతుంది. లోహపు నమూనా 24 గ్రాములు మోపుతుంది. ప్లాస్టిక్‌దైతే ఇంకా తక్కువ. అందుకే మీ నమూనాను బురదలో పెట్టినా దిగబడదు.

అసలు ట్యాంకు దిగబడుతుంది. 1965 సెప్టెంబరులో పంజాబులోని అసల్ ఉత్తర్ దగ్గర మన సైన్యం చెరకు పొలాలకు నీరు పెట్టింది. కొత్తవీ, పేరుమోసినవీ అయిన పాటన్ ట్యాంకులు ఆ మెత్తటి నేలలో కూరుకుపోయాయి. జీపు మీద అమర్చిన తుపాకితో వాటిని ఎదుర్కొన్న అబ్దుల్ హమీద్ అక్కడే ప్రాణాలర్పించి పరమవీర చక్రకు పాత్రుడయ్యాడు. అక్కడి బురద చేసిన పనిని ఏ కిట్టూ చూపలేదు. లెక్క తెలిసినవాడు మాత్రం ఊహించగలడు.

స్కేలు మారినా మారనివి కూడా ఉన్నాయి. తేలడం అటువంటిదే. సారథ్ బరువు 14.3 టన్నులు. అది తేలాలంటే అంతే బరువు నీటిని తొలగించాలి. నమూనాలో బరువు, తొలగే నీరు రెండూ 42,875వ వంతే అవుతాయి కాబట్టి నిష్పత్తి చెడదు. కావాలంటే చేసి చూడండి. అట్టతో 19 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల లోతు ఉన్న పెట్టె చేసి ప్లాస్టిక్ కాగితం చుట్టండి. మొత్తం 333 గ్రాములు తూగేలా ఇసుక పోసి నీళ్ళ తొట్టిలో వదలండి. అది సుమారు 2 సెంటీమీటర్లు మునిగి తేలుతుంది. అసలు వాహనం అడుగు పెట్టెలా చదునుగా కాక, ముందు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి మరికాస్త మునుగుతుంది. ఈ ప్రయోగానికి అయ్యే ఖర్చు పాత అట్టపెట్టె మాత్రమే.

అందుకే ఆ కుర్రవాడికి చెప్పాను: "ముందు అట్టతో సారథ్ చెయ్యి. కొలతలు చేతికొచ్చాక 1:35లో టి-72 కొను. మన సైన్యంలో దానికి 'అజేయ' అని పేరు. డబ్బు చాలకపోతే 1:72 తీసుకో, సిగ్గుపడనక్కరలేదు. కిటికీలు తెరిచిపెట్టి అతుకు. ఆ జిగురు ప్లాస్టిక్‌ను కరిగించి రెండు ముక్కలను ఒకటి చేస్తుంది. దాని ఆవిరి పీల్చకూడదు, దగ్గర్లో నిప్పు ఉండకూడదు."

పిల్లల చేతికి యుద్ధపు బొమ్మలేమిటని అడిగే పెద్దలున్నారు. వారి ప్రశ్నలో న్యాయం ఉంది. ట్యాంకు చంపడానికి పుట్టిన యంత్రం. అయితే దాన్ని పిల్లల కంటపడకుండా దాచినంత మాత్రాన లోకంలో లేకుండా పోదు. డబ్బా మీది మంటలను చూసి మురిసిపోయేవాడికంటే, దాని బరువెంతో, లోపల ఎందరుంటారో, నేల ఎప్పుడు దాన్ని మోయనంటుందో తెలిసినవాడే యుద్ధాన్ని గురించి బాధ్యతతో ఆలోచిస్తాడని నా నమ్మకం.

నమూనా పూర్తయ్యాక ఇంకొక్క పని చేయండి. 5 సెంటీమీటర్ల ఎత్తున ఒక మనిషి బొమ్మను అట్టతో కత్తిరించి దాని పక్కన నిలబెట్టండి. 1:35లో మనిషి ఎత్తు అంతే. టి-72లో అటువంటివారు ముగ్గురు కూర్చుంటారు. వారి ఎదుట నిలిచేవాడు కూడా అదే ఎత్తు మనిషి. అతడు డబ్బాలో రాడు. మీరే చేసుకోవాలి.